వదులైన తాడు

పోయిన వారం భాగం చివర నన్ను నేనే ల్యాబ్ తలుపు దగ్గర నిలబెట్టి వచ్చేశాను. ఒక చేత్తో డైరీని గుండెకు అదుముకుని, రెండో చెయ్యి తలుపు మీద వేసి, తోయాలా వద్దా అని తేల్చుకోలేక నిలబడ్డ నన్ను వారం రోజులు అలాగే ఉంచేశాను. ఇవాళ తోస్తాను.

ఈ కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ల కోసం జరిగింది కొంచెం చెప్పాలి. నేను యూనివర్సిటీలో మొదటి సంవత్సరం చదువుతున్నాను. మనిషి ఆలోచించే తీరుకూ మిగతా జంతువులు ఆలోచించే తీరుకూ పోలికలేమిటో, తేడాలేమిటో చెప్పే కోర్సు. మా ఊరి బడిలో ఐదు తరగతులకు కలిపి రెండు గదులు ఉండేవి. ఇక్కడ ఒక్క క్లాసుకే నూట ఇరవై మందిమి, మెట్లు మెట్లుగా కూర్చుంటాం. చేరిన మూడు నెలల్లో నేను క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. హాజరు పిలిచినా చెయ్యెత్తుతాను గానీ నోరెత్తను. అందుకని నాకు మౌనవ్రతం అని పేరు పెట్టారు.

అలాంటి నన్ను పిలిచి పని ఇచ్చింది అక్క. సొంత అక్క కాదు. మా శాఖలోనే పరిశోధన చేస్తోంది. జంతువులకు ఎక్కువా తక్కువా తెలుస్తాయా అన్నది ఆమె ప్రశ్న. మొదటి ఏడాది కాకులతో మొదలుపెడితే అవి రెండు వారాలకే విసుగెత్తి రావడం మానేశాయట. రెండో ఏడాది కోళ్లు. వాటి సంగతి మాత్రం అడగొద్దంటుంది. మూడో ఏడాదికి ఈ మేక దొరికింది. నల్లటి ఒళ్లు, తెల్లటి చెవులు, ఎవరినీ లెక్కచేయని నడక. అందరం దానిని దొరసాని అంటాం. అది ఎవరి మాటా వినకపోతే, మేకల మధ్య పెరిగిన పిల్ల ఎవరైనా ఉన్నారా అని అక్క క్లాసుకు వచ్చి అడిగింది. మా ఇంట్లో మేకలే బతుకు. నేను చెయ్యెత్తాను. నోరెత్తకుండానే ఉద్యోగం వచ్చిన మొదటిదాన్ని నేనేనేమో.

పరీక్ష ఇలా ఉంటుంది. బల్ల మీద రెండు గిన్నెలు, లోపల గింజలు చప్పుడు కాకుండా గుడ్డ, వాసనతో పట్టేయకుండా రెండింటికీ గింజల పిండి, పైన మూతలు. ఒక మూత మీద ఎక్కువ చుక్కలున్న అట్ట, ఇంకో మూత మీద తక్కువ చుక్కలున్న అట్ట. ఎక్కువ చుక్కలున్న గిన్నెలోనే మొక్కజొన్న గింజలు ఉంటాయి. తెర వెనక గింజలు పెట్టేది తాళాల తాత. ఆయన మా శాఖలో అటెండరు. ప్రతి గది తాళంచెవీ ఆయన నడుముకే వేలాడుతుంది కాబట్టి ఆ పేరు. తాత గింజలు పెట్టి, మూతలు మూసి, పక్కకు తప్పుకుంటాడు. అక్క తెర తీసి గంట కొడుతుంది. అప్పటిదాకా దొరసానిని తాడుతో ఆపి పట్టుకునేదాన్ని నేను. గంట కొట్టాక, తాడు నా చేతిలో ఉండగానే, అది ఏ మూతను మూతితో తాకితే అది దాని జవాబు.

అట్టలు నేను చూడకూడదు కాబట్టి నా కళ్లకు గంతలు కడతారు. ఎందుకో మా శాఖకు అధిపతి అయిన పెద్ద మేడం మొదటి క్లాసులోనే చెప్పారు. జంతువును పరీక్షించేవాళ్లు ముందు తమను తాము దాచుకోవాలట. మన చూపు, మన ఊపిరి, మన భుజం కదలిక, అన్నిటినీ జంతువు చదువుతుందట. మనం పెట్టిన పరీక్షకు మనమే జవాబు చెప్పి, అది జంతువు తెలివనుకుంటామట. ఆ మాట విని నేను లోపల్లోపల సంతోషించాను. దాచుకోవడం ఒక్కటే ఈ ప్రపంచంలో నాకు బాగా చేతనైన పని.

రోజుకు ఇరవైసార్లు పరీక్ష. అయ్యాక అక్క ఒక కాగితం ఇచ్చేది. అందులో ఒక ప్రశ్న ఉంటుంది. తాడు పట్టుకున్న మనిషికి గింజలు ఏ గిన్నెలో ఉన్నాయో ముందే తెలుసా? దాని పక్కన నేను తెలియదు అని రాసి సంతకం పెట్టాలి. పన్నెండు రోజులు పన్నెండు సంతకాలు పెట్టాను. అందులో పది అబద్ధాలు.

గంతలు కళ్లకే కట్టారు, చెవులకు కాదు. తాత రెండు గిన్నెల్లోనూ చెయ్యి పెడతాడు గానీ, గింజలు ఒలికిపోకూడదని వాటిని పెట్టే గిన్నె దగ్గర ఇంకాస్త వంగుతాడు. వంగినప్పుడు తాళాలు ఘల్లుమంటాయి. కుడిపక్క ఘల్లుమంటే గింజలు కుడిపక్క, ఎడమపక్క ఘల్లుమంటే ఎడమపక్క. మూడో రోజున నాకు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు.

దొరసాని సరైన జవాబులు ఆ రోజునుంచే పెరగడం మొదలైంది. ఇరవైకి పదమూడు, పదిహేను, పదహారు. పన్నెండో రోజుకి పంతొమ్మిది. అక్క ఒక పెద్ద కాగితం మీద గీత గీసి గోడకు అంటించింది. ఎడమ మూల నుంచి కుడి మూలకు మెట్లెక్కినట్టు ఎక్కుతుంది ఆ గీత. రేపు పొద్దున పదింటికి బయటి యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరు వచ్చి అక్క పని చూసి, పట్టా ఇవ్వొచ్చో లేదో చెప్తారు. అక్క గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి పొడిగించరు.

ఇక తలుపు తోస్తున్నాను.

లోపల అక్క స్టూలు ఎక్కి, గోడ మీద కాగితం మూల ఊడిపోతుంటే మళ్లీ అంటిస్తోంది. నన్ను చూసి, మంచి టైముకు వచ్చావు చెల్లీ, ఆ టేపు ముక్క తుంచి ఇవ్వు అంది. తుంచి ఇచ్చాను. ఇంకో ముక్క అడిగింది. అదీ ఇచ్చాను. మూడో ముక్క వంకరగా తుంచి ఇచ్చాను. రేపు నువ్వు కూర్చుంటే చాలు, మాట్లాడేది నేనేలే, భయపడకు అని నవ్వింది.

నేను దారంతా ఒక వాక్యం కూడబెట్టుకుని వచ్చాను. అక్కా, గింజలు ఎటుపక్క ఉన్నాయో నాకు ముందే తెలుస్తోంది. అంతే. ఎనిమిది మాటలు కూడా లేవు. హాస్టలు మెట్ల మీద అనుకున్నాను, చెట్ల కింద అనుకున్నాను, కారిడార్లో అనుకున్నాను. తీరా నోరు తెరిచేసరికి వేరే వాక్యం బయటికి వచ్చింది.

"అక్కా, తాత తాళాలు చప్పుడవుతున్నాయి. గింజలున్న పక్కకు వంగినప్పుడల్లా. మేకకు అది వినబడుతోందేమో."

మేకకు అన్నాను. నాకు అనలేదు. ఆ ఒక్క మాట మార్చడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. నిజం చెప్పడానికి పది రోజులు పట్టి కూడా చాలలేదు.

అక్క స్టూలు దిగింది. టేపు ముక్క ఆమె వేలికే అంటుకుని ఉండిపోయింది. ఎప్పుడు గమనించావని అడిగింది. ఈమధ్యే అన్నాను. ఆమె కాసేపు గోడ మీది గీతనే చూసి, పక్క గదిలోకి వినబడేలా తాతను పిలిచింది.

తాత వచ్చాడు. ఆయన రావడమంటే ముందు చప్పుడు, తర్వాత మనిషి. అక్క ఆయన్ని ఏమీ అనలేదు. ఒక్కసారి గింజలు పెట్టి చూపించమంది. ఆయన ఎప్పటిలాగే ఎడమ గిన్నెలో ఉత్తుత్తిగా చెయ్యి పెట్టాడు, కుడి గిన్నె మీదకు వంగాడు. ఘల్లుమంది. అక్క కళ్లు మూసుకుని వింది. ఇంకోసారి పెట్టమంది. ఈసారి ఎడమపక్క ఘల్లుమంది. అప్పుడు ఆయనకు విషయం చెప్పింది.

తాత మొహం నేను ఎప్పటికీ మరిచిపోలేను. ఇరవై ఏడేళ్లుగా ఈ శాఖలో పనిచేస్తున్నాడు. ఒక్క తాళంచెవి పోగొట్టలేదు, ఒక్క తలుపు తెరిచి వదిలేయలేదు. పరీక్షలో తనకూ ఒక పని ఇచ్చారని ఇంట్లో మనవళ్లకు చెప్పుకున్నాడట. తాతా, నువ్వు కూడా సైంటిస్టువా అని వాళ్లు అడిగితే, మరి కాదా అన్నాడట. ఆ సంగతి మాకు పదిసార్లు చెప్పాడు.

"నా వల్లేనా తల్లీ?" అన్నాడు అక్కతో. తర్వాత నావైపు తిరిగి, "మొదటిరోజే చెప్పకపోయావా అమ్మా, తీసి పక్కన పెట్టేసేవాణ్ణిగా" అన్నాడు.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. నడుముకున్న తాడు విప్పి తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు. రెండడుగులు వేసి చూసుకుని, ఒక పక్క బరువు తగ్గింది, ఇక కుంటుతానేమో అన్నాడు. ఎవరమూ నవ్వలేదు. నవ్వించాలని చూసింది ఆయన, నవ్వించాల్సిన అవసరం తెచ్చింది నేను.

అక్క ఏడవలేదు, తిట్టలేదు. ఆమెకు అనుమానం వస్తే పరీక్ష పెడుతుంది. తాళాలు లేకుండా పదిసార్లు చేద్దాం అంది. తాత వెళ్లి కొట్టం నుంచి దొరసానిని తీసుకొచ్చాడు. నా కళ్లకు గంతలు కట్టారు, చేతికి తాడు ఇచ్చారు. తెర వెనక తాత నడిచాడో నిలబడ్డాడో కూడా తెలియలేదు. అంత నిశ్శబ్దం ఆ గదిలో నేనెప్పుడూ వినలేదు. గంట మోగింది. దొరసాని కుడికి ఒరిగింది. నా చేతికి ఏమీ తెలియదు. తర్వాత ఎడమకు ఒరిగింది. అప్పుడూ ఏమీ తెలియదు. చివరికి ఏదో ఒక మూతను తాకింది.

పదింటిలో ఐదు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

అక్క అంకె రాసుకుంది. పెన్ను కాగితం మీద గీసుకునే చప్పుడు నాకు వినబడింది. ఇదంతా ఇక్కడే ఆగిపోతుందనుకున్నాను. తాళాలే తప్పు, మేకే విన్నది, ఎవరూ కావాలని చేయలేదు. అక్క రేపు బయటి ప్రొఫెసరుతో అదే చెప్తుంది. తాత కొంచెం బాధపడతాడు, తర్వాత మరిచిపోతాడు. నా పేరు ఎక్కడా రాదు. కళ్లకు గంతలుండగానే ఇంత దూరం ఆలోచించాను. సిగ్గుపడే మనిషి మంచి మనిషని మా ఊళ్లో అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

కానీ అక్క సగంలో ఆగే మనిషి కాదు. మేక నిజంగా తాళాలు విని వెళ్తోందా అన్నది కూడా చూడాలి కదా అంది. ఈసారి తాత తాళాలు కట్టుకుంటాడు, మేకకు మాత్రం తాడు ఉండదు. నువ్వు ఎప్పటిలాగే గంతలతో వెనకే కూర్చో అంది. తాడు విప్పేశారు. నా అరచేతులు ఖాళీగా ఒళ్లో పడి ఉన్నాయి.

తెర వెనక తాళాలు ఘల్లుమన్నాయి. ఎడమపక్క. నాలాంటి దానికే అంత స్పష్టంగా వినబడితే దొరసానికి వినబడకుండా ఉంటుందా? వెళ్లు, ఎడమకు వెళ్లు అని మనసులో బతిమాలుకున్నాను. గంట మోగింది. గిట్టల చప్పుడు ఒక అడుగు ముందుకు వెళ్లింది. ఆగింది. ఆ తర్వాత చప్పుడు నావైపు రావడం మొదలుపెట్టింది. నా అరచేతి మీద వెచ్చటి ఊపిరి తగిలింది. తడి మూతి నా వేళ్లను పైకి నెట్టింది, ఒకసారి, ఇంకోసారి. తాడు ఏదని అడుగుతున్నట్టు.

అక్క మళ్లీ చేయమంది. మళ్లీ అంతే జరిగింది. మూడోసారి గంట మోగినప్పుడు అది గిన్నెలవైపు ఒక్క అడుగు కూడా వేయలేదు. నేరుగా వెనక్కి తిరిగి నా దగ్గరికే వచ్చింది.

కోర్టులో సాక్షి వేలు చూపిస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇలాగే ఉంటుందనుకుంటాను. దానికి నా మీద కోపం లేదు, పగ లేదు. ఇన్నాళ్లూ జవాబు చెప్పింది ఈ చెయ్యే, ఇవాళెందుకు చెప్పడం లేదని మాత్రమే అది అడిగింది.

అక్క వచ్చి నా వెనక నిలబడి గంతలు విప్పింది. గది ఒక్కసారిగా తెల్లగా కనబడింది. ఆమె నా ఎదుటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. చాలాసేపు నా చేతుల్నే చూసింది.

"నువ్వు లాగేదానివా?"

"లేదక్కా. లాగలేదు." అది నిజమే. కానీ ఆ నిజం వెనక కూడా దాక్కోబోతున్నానని నాకే తెలిసింది. "వదిలేదాన్ని."

అప్పుడు చెప్పాను. మేకల్ని తోలేటప్పుడు నాన్న నాకు నేర్పిన మొదటి పని అదే. తాడు లాగితే మేక నాలుగు కాళ్లూ పాతేసి నిలబడుతుంది. బిగించి పట్టుకుని, అది మనం అనుకున్న వైపు ఒరిగిన క్షణంలో పిసరంత వదలాలి. వదులు దొరికిన వైపే అది వెళ్తుంది. తనే నిర్ణయించుకున్నానని అనుకుంటుంది. ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని కాబట్టి, గింజలు ఎటున్నాయో చెవికి తెలిసిన రోజునుంచి చెయ్యి దానంతట అదే వదలడం మొదలుపెట్టింది. దొరసాని ఒకసారి అటు, ఒకసారి ఇటు ఒరిగి చూసేది. ఎక్కడ తాడు వదులైతే అక్కడికి వెళ్లేది. దానికి చుక్కలతో పనే లేదు. అది అట్టల వంక చూసేదో లేదో కూడా అనుమానమే.

ఎప్పటినుంచి అని అడిగింది అక్క. నేను డైరీ ఇచ్చాను. నోటితో చెప్పలేనివన్నీ నేను అందులోనే రాసుకుంటాను. అమ్మ కూడా దాన్ని ముట్టుకోదు. ఇంకొకరి చేతిలో ఆ డైరీని చూడటం అదే మొదటిసారి.

ఆమె పేజీలు తిప్పింది. ఆగిన చోటల్లా ఏం చదువుతోందో నాకు కంఠతా వచ్చు. మూడో రోజు: తాత తాళాలు చప్పుడవుతాయి, గింజలు ఎటున్నాయో నాకు తెలిసిపోతోంది, రేపు అక్కకు చెప్పాలి. నాలుగో రోజు: చెప్పలేదు, అక్క ఇవాళ నన్ను చెల్లీ అంది. ఆరో రోజు: చెప్తోంది నా చెయ్యే, తెలిసి కూడా ఆపడం లేదు. ఆరో రోజు దగ్గర ఆమె చాలాసేపు ఆగింది.

తర్వాత డైరీ పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లింది. ఒక వేలు డైరీలో తేదీ మీద, ఒక వేలు గీత మీద పెట్టి పోల్చుకుంటూ నడిచింది. మొదటి రెండు రోజులు తొమ్మిది, పదకొండు. మూడో రోజు గీత పైకి లేచింది. ఆరో రోజు నిటారుగా ఎగిరింది. ఆ ఎగిరిన చోట ఆమె ఆ రోజే ఎర్ర పెన్నుతో చిన్న నక్షత్రం వేసి, ఇక్కడ దొరసానికి అర్థమైంది అని రాసుకుంది. ఆ సాయంత్రం మా అందరికీ టీ ఇప్పించింది. తాతకు రెండు కప్పులు.

ఆ గీత దొరసానిది కాదు. నాది. ఒక ముసలాయన తాళాల చప్పుడు నుంచి ఒక పిరికి పిల్ల ఎంత నేర్చుకుందో, నేర్చుకున్నది ఎంత చక్కగా దాచుకుందో చూపించే గీత అది. అక్క మూడేళ్లు కష్టపడి కొలిచింది నన్ను.

"నా మీద నీకేమైనా కోపమా?" అంది అక్క. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "నేను నిన్ను ఏదైనా అన్నానా?"

"నువ్వు చెల్లీ అన్నావక్కా" అన్నాను. "చెప్తే మళ్లీ అనవేమోనని."

డైరీ మూసి నా ఒళ్లో పెట్టింది. ఆ తర్వాత ఆ సాయంత్రమంతా ఒక్కసారి కూడా నన్ను చెల్లీ అనలేదు.

తాత తెర పక్కనే నిలబడి అన్నీ విన్నాడు. నేను ఆయన దగ్గరికి వెళ్లి ఏదో అనబోయాను. ఆయన నడుమున్న తాళాల గుత్తి విప్పి మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. ఈసారి చప్పుడు కాకుండా పెట్టాడు. "నా మీదకు తోసేద్దామనుకున్నావా అమ్మా" అన్నాడు. ప్రశ్నలా అనలేదు. రోజూ చూసే గోడకు కొత్తగా పగులు కనబడితే ఎలా అంటామో అలా అన్నాడు. కాసేపు కొట్టం దగ్గర కూర్చుంటానని అక్కకు చెప్పి వెళ్లిపోయాడు. తాళాలు లేకుండా ఆయన కారిడార్లో నడిచి వెళ్తుంటే ఆ మనిషి ఎంతదూరం వెళ్లాడో తెలియలేదు.

అక్క గోడ మీది కాగితం ఒక మూల పట్టుకుంది. చింపేస్తుందనుకున్నాను. చింపలేదు. టేపు జాగ్రత్తగా ఊడదీయబోయింది. రేపు పొద్దున్నే పెద్ద మేడం గదికి వెళ్లి అన్నీ చెప్పేస్తాను, నువ్వు కూడా రావాలి, డైరీ తీసుకురా అంది. నేను తలూపాను. భయం ఎంత ఉందో, తేలికదనం కూడా అంతే ఉంది. రేపనే రోజు ఎలా ఉన్నా, ఇవాళ రాత్రి డైరీలో నిజం రాసుకోవచ్చు అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే కారిడార్లో మాటలు వినిపించాయి. ఒక గొంతు పెద్ద మేడంది. రెండోది మేము ఎప్పుడూ వినని గొంతు.

రేపు రావాల్సిన బయటి ప్రొఫెసరు ఇవాళే వచ్చేశారు. రేపటి రైలు రద్దయిందట, అందుకని ముందు రోజే బయలుదేరారట. పొట్టిగా, నెరిసిన గడ్డంతో, చేతిలో గొడుగుతో ఉన్నారు. గదంతా ఒకసారి చూసి, గోడ మీది గీత దగ్గరికి వెళ్లి కళ్లజోడు సర్దుకున్నారు. అక్క చెయ్యి ఇంకా కాగితం మూల మీదే ఉంది. ఆయన ఆ ఎర్ర నక్షత్రాన్ని దగ్గరగా చూసి, ముప్ఫై ఏళ్లుగా ఇలాంటి గీత కోసం ఎదురుచూస్తున్నానని అన్నారు. మేకల గురించి తను చెప్పింది ఎవరూ నమ్మలేదట. పెద్ద మేడం మొహం వెలిగిపోయింది. ఇంతమంది విద్యార్థుల్లో ఈ అమ్మాయి ఒక్కతే పట్టు వదల్లేదండీ అన్నారు అక్కను చూపించి.

అక్క నోరు తెరిచింది. చెప్తుందనుకున్నాను. ఆమె కళ్లు గీత మీదకు వెళ్లాయి, మేడం మొహం మీదకు వెళ్లాయి, చివరికి నా మీద ఆగాయి. నా నోటిదగ్గర పది రోజులు ఆగిపోయిన మాట ఇప్పుడు ఆమె నోటిదగ్గర ఆగింది. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు. చూస్తూ కూర్చోవడం తప్ప నేనేమీ చేయలేదు. ఆమె నోరు మూసుకుంది.

ప్రొఫెసరు ఒక్క ఐదుసార్లు చేసి చూపిస్తే చాలన్నారు. అక్క నా వెనకకు వచ్చి గంతలు కట్టింది. ముడి ఎప్పటికన్నా గట్టిగా వేసింది. దొరసాని మెడకు తాడు కట్టి చివర నా చేతికి ఇచ్చింది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

ప్రొఫెసరు మర్యాదగానే అడిగారు. గింజలు ఎటున్నాయో ఈ అమ్మాయికి తెలిసే వీలేమైనా ఉందా అని. నన్నే అడిగారు. నేను నోరెత్తలేదు. నా తరఫున అక్క జవాబు చెప్పింది.

"కళ్లకు గంతలున్నాయి కదండీ."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ఇలా మాట్లాడటం ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలుసు.

అటెండరు లేడు, గింజలు నేనే పెడతాను, గంట మాత్రం మీరు కొట్టండి మేడం అంటూ అక్క తెర వెనక్కి వెళ్లింది. నేను చీకట్లో కూర్చుని ఆలోచించాను. తాత లేడు. ఆయన తాళాలు బల్ల మీద ఉన్నాయి. ఇక చప్పుడు ఉండదు. చప్పుడు లేకపోతే నా చేతికి ఏమీ తెలియదు, దొరసానికి అంతకన్నా తెలియదు. ఐదింటిలో రెండో మూడో తప్పు వస్తాయి. ఎవరూ నోరు విప్పకుండానే నిజం దానంతట అదే బయటపడుతుంది. అక్క అలా అనుకునే ఈ పరీక్షకు ఒప్పుకుందేమో. అనుమానం వస్తే పరీక్ష పెట్టే మనిషి కదా మరి. పది రోజుల తర్వాత మొదటిసారి నా భుజాలు కిందికి దిగాయి.

మూత తీసిన చప్పుడు. గిన్నె లోపల గుడ్డ మీద చెయ్యి ఆనిన చప్పుడు. ఒక గిన్నె అయింది. రెండో గిన్నె దగ్గరికి రెండు అడుగులు.

ఘల్లుమంది.

చెయ్యి తగిలి జారిన చప్పుడు కాదు అది. ఒకసారి మోగి, ఆగి, నేను విన్నానో లేదోనని మళ్లీ ఇంకోసారి మోగింది. కుడిపక్క.

తాత కొట్టం దగ్గరే ఉన్నాడు. తెర వెనక ఉన్నది అక్క ఒక్కతే.

గంట కొట్టారు. దొరసాని కుడివైపుకు ఒరిగింది. తాడు బిగుసుకుని నా అరచేతిలోకి దిగబడింది. అక్కడే ఆగి, నా చెయ్యి ఏమంటుందోనని అది ఎదురుచూస్తోంది.